వైరస్ ఎక్కించకముందే వైరస్ ఉంది: తేనెటీగ కణాల కల్చర్, ప్రాజెక్టు డైరీ

ఈ పని ఎందుకు పెట్టుకున్నాం

తేనెటీగల వైరస్‌ల మీద పనిచేసే వాళ్లందరికీ ఒకే చోట చుక్కెదురవుతుంది. వైరస్ లేని ఈగ దొరకదు. పైకి నిక్షేపంలా ఉన్న తేనెటీగల పెట్టెలోంచి నాలుగు ఈగలు తెచ్చి, నూరి, పీసీఆర్ (జన్యుపదార్థాన్ని కాపీలు తీసి పట్టుకునే పరీక్ష) పెడితే ఏదో ఒక వైరస్ బయటపడుతుంది. డిఫార్మ్‌డ్ వింగ్ వైరస్ సంగతైతే చెప్పక్కర్లేదు. మేమంతా దాన్ని డీడబ్ల్యూవీ అంటాం. ముడుచుకుపోయిన రెక్కలతో, పొట్టి పొట్టతో ఈగలు పుట్టి పెట్టె ముందు నేల మీద పాకుతుంటాయి చూడండి, అది దీని పనే. కానీ అలాంటి ఈగలు ఒక్కటీ కనపడని పెట్టెలోనూ ఇది అణగిమణగి ఉంటుంది.

ప్రయోగానికి దీనివల్ల వచ్చే చిక్కు ఇది. ప్యూపాకి, అంటే మైనపు గదిలో ఇంకా ఈగగా మారుతున్న పిల్లకి, వైరస్ ఇంజెక్ట్ చేస్తాం. పోల్చి చూడడానికి మరికొన్నిటికి వైరస్ లేని ఉత్త బఫర్ ద్రావణం ఇంజెక్ట్ చేస్తాం. సూది గుచ్చిన గాయం చాలు, లోపల అణగి ఉన్న డీడబ్ల్యూవీ పెరగడానికి. మూడో రోజు రెండు గుంపుల్లోనూ వైరస్ ఉంటుంది. పెరిగింది మనం ఎక్కించినదా, ముందు నుంచీ ఉన్నదా? ఈ ప్రశ్నకు ఈగలోనే జవాబు వెతకడం చాలా కష్టం. అందుకే కణాల కల్చర్ వైపు వచ్చాం. ఒక డిష్, అందులో ఒకే రకం కణాలు, మనం లెక్కపెట్టి వేసిన వైరస్. కాగితం మీద చూస్తే అంతా శుభ్రంగా ఉంటుంది.

మా ప్రశ్న ఒక్క ముక్కలో చెప్పాలంటే: ఒకే తేనెటీగ కణంలోకి రెండు వేర్వేరు వైరస్‌లు చేరితే ఏది పైచేయి సాధిస్తుంది, ఎందుకు?

ఎంచుకున్న జంట డీడబ్ల్యూవీ, ఇజ్రాయెలీ అక్యూట్ పెరాలిసిస్ వైరస్. రెండోదాన్ని ఐఏపీవీ అంటాం. రెండూ దాదాపు 30 నానోమీటర్ల గుండ్రటి రేణువులు, రెండిట్లోనూ ప్లస్ స్ట్రాండ్ ఆర్ఎన్ఏ (కణం నేరుగా చదివి ప్రోటీన్ చేయగల పోగు), జీనోమ్ పొడవు అటూ ఇటుగా 10 వేల అక్షరాలు. పైచూపుకి అన్నదమ్ముల్లా ఉన్నా లోపలి అమరిక వేరు. డీడబ్ల్యూవీ తన ప్రోటీన్లన్నిటినీ ఒకే పొడవాటి గొలుసుగా తయారుచేసి తర్వాత ముక్కలు చేసుకుంటుంది. ఐఏపీవీకి రెండు వేర్వేరు రీడింగ్ ఫ్రేమ్‌లున్నాయి, అంటే ప్రోటీన్ల కోసం విడివిడిగా చదివే రెండు భాగాలు. మొదటిది కాపీలు తీసే ఎంజైముల కోసం, రెండోది పైకవచం కోసం. రెండోదాని ముందున్న ఆర్ఎన్ఏ మడత ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్‌ను నేరుగా పట్టుకుని, మామూలుగా ప్రోటీన్ మొదలవడానికి కావలసిన మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం కూడా లేకుండానే పని మొదలుపెట్టిస్తుంది. అంటే కవచం ఎంత కావాలో, ఎంజైములు ఎంత కావాలో ఐఏపీవీ విడివిడిగా సర్దుకోగలదు. పోటీలో దీనికి ఏమైనా లాభం ఉందా అనేది నన్ను మొదటి నుంచీ లాగుతున్న విషయం.

చదువుకున్న రోజులు

పని మొదలుపెట్టే ముందు పాత పేపర్లు తిరగేశాను. ఒక సంగతి దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పురుగుల కణాలు శాశ్వతంగా పెరిగేలా మొదటిసారి నిలబెట్టింది ఆస్ట్రేలియాకు చెందిన థామస్ గ్రేస్, 1962లో, ఒక చిమ్మట అండాశయం నుంచి. ఆ మరుసటి ఏడాదే, 1963లో, ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో లెస్లీ బెయిలీ, ఆయనతోపాటు పనిచేసినవాళ్లు తేనెటీగల పక్షవాతానికి కారణమైన రెండు వైరస్‌లను విడదీసి చూపించారు. కణాలూ దొరికాయి, వైరస్‌లూ దొరికాయి. రెండిటినీ ఒకచోట చేర్చడానికి మాత్రం అర్ధశతాబ్దం పట్టింది. నిలకడగా పెరిగే తేనెటీగ కణాల లైన్ గురించి మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్లు ప్రకటించింది 2013లో. దాని పేరు ఏఎంఈ-711. గుడ్లలోని పిండాల నుంచి తీసినది.

మధ్యలో ప్రయత్నాలు జరగకపోలేదు. ఈగ నుంచి నేరుగా తీసిన కణాలు డిష్‌లో కొన్నాళ్లు, ఒక్కోసారి నెలల తరబడి, బతుకుతాయి, కానీ నిలకడగా విభజన చెందవు. ఏఎంఈ-711 కూడా తీరిగ్గానే పెరుగుతుంది. రెట్టింపు కావడానికి దాదాపు 4 రోజులు. 10 నుంచి 14 రోజులకొకసారి ఒకటికి మూడుగా పంచుతారు. చిమ్మట కణాలైన ఎస్ఎఫ్-9తో పనిచేసిన వాళ్లకు ఈ నడక ఓపికకు పరీక్షే, అవి ఒక రోజు అటూ ఇటుగా రెట్టింపవుతాయి.

2016లో వచ్చిన మరో పేపర్ మా ప్రాజెక్టుకు అసలు పునాది. అందులో ఎస్‌బీవీ అనే శాక్‌బ్రూడ్ వైరస్, డీడబ్ల్యూవీ, ఐఏపీవీ, బ్లాక్ క్వీన్ సెల్ వైరస్ కలిసిన మిశ్రమాన్ని అప్పుడే పుట్టిన ఈగలకూ, ఈ కణాలకూ ఎక్కించి చూశారు. మిశ్రమంలో ఎక్కువ భాగం శాక్‌బ్రూడ్ వైరసే అయినా రెండుచోట్లా ఐఏపీవీనే పైకి వచ్చింది. అదే పేపర్‌లో ఇంకో విషయం: ఆ ఏఎంఈ-711 కణాల్లోనే ముందునుంచీ ఒక డీడబ్ల్యూవీ కాపురం చేస్తోంది. కణాలకు పైకి ఏ జబ్బూ లేదు. అవి మామూలుగా పెరుగుతున్నాయి. దాని పూర్తి జీనోమ్ చదివి చూపించారు. ఆ డీడబ్ల్యూవీ ఉన్నంత మాత్రాన ఐఏపీవీ ఆగలేదు, కణాలను చంపేయడం మానలేదు.

చాలామంది ఆ రెండో విషయాన్ని ఒక లోపంలా చూస్తారు. నాకు మాత్రం పేపర్ మొత్తంలో విలువైనది అదే అనిపించింది.

ఎస్ఎఫ్-9తో చేయి తిరగడం

తేనెటీగ కణాలు చేతికి రాకముందు ఎస్ఎఫ్-9 మీద పని నేర్చుకున్నాం. మనుషుల కణాలతో పనిచేసి వచ్చిన మా జూనియర్‌కు కొన్ని విషయాలు వింతగా తోచాయి. "అక్కా, కార్బన్ డయాక్సైడ్ పైపు పెట్టలేదేంటి?" అని అడిగింది. అక్కర్లేదు. పురుగుల మీడియాలో ఆమ్లత్వాన్ని నిలబెట్టేది ఫాస్ఫేట్, బైకార్బొనేట్ కాదు. పీహెచ్ 6.2 దగ్గర ఉంటుంది. ఉష్ణోగ్రత 27 డిగ్రీలు. కణాలను అడుగు నుంచి లేపడానికి ట్రిప్సిన్ అనే ఎంజైమ్ కూడా వాడం. ఫ్లాస్క్‌ను అరచేత్తో ఒకటి రెండుసార్లు గట్టిగా తట్టితే చాలావరకు లేచిపోతాయి.

దీని గురించి ఇంతకన్నా రాయడానికేమీ లేదు. మంచి కణాలు. అడిగినట్టు పెరుగుతాయి.

ప్యూపాల నుంచి కణాలు

లైన్ ఒక్కదాని మీదే ఆధారపడకూడదని మేడమ్ మొదటే చెప్పారు. "ఏళ్ల తరబడి ప్లాస్టిక్ మీద బతికిన కణం ఈగలాగే ప్రవర్తిస్తుందని ఎలా నమ్ముతావు?" అని. అందుకే పక్కనే ప్యూపాల నుంచి అప్పటికప్పుడు తీసిన కణాల కల్చర్ కూడా పెట్టాం. ఈ పని గురించి వివరంగా రాస్తాను. ప్రోటోకాల్‌లో రెండు లైన్లలో ఉంటుంది, చేతికి వచ్చేసరికి పూట గడుస్తుంది.

ముందు వయసు చూసుకోవాలి. కూలీ ఈగ గుడ్డు నుంచి బయటికి రావడానికి 21 రోజులు. అందులో ప్యూపా వయసు చెప్పేది కళ్ల రంగు. మొదట తెలుపు, తర్వాత గులాబీ, ఆపైన ఊదా, చివరికి గోధుమ. మాకు కావలసింది తెల్లకళ్ల దశ. ఒళ్లంతా పాలలా తెల్లగా, చర్మం ఇంకా గట్టిపడకుండా ఉంటుంది. మైనపు మూత అంచున సన్నటి ఫోర్సెప్స్‌తో కోసి, మూత విప్పి, ప్యూపాను మెడ దగ్గర కాకుండా పొట్ట కింద నుంచి ఎత్తాలి. కాస్త నొక్కితే చాలు, పక్కన చిన్న చుక్క ఊరుతుంది. ఆ ప్యూపాను వదిలేయడమే, చర్మం చిట్లిన దానిలోకి పైపూత క్రిమినాశకం దిగుతుంది.

బ్లీచ్ కలిపిన నీళ్లలో ముంచి, శుభ్రమైన నీళ్లలో రెండుసార్లు కడిగి, హుడ్‌లోకి తీసుకుంటాం. తర్వాత పేగు. ప్యూపా దశలో పేగు ఒక లేత సంచిలా ఉంటుంది, పొట్ట చివర పట్టుకుని మెల్లగా లాగితే మొత్తంగా వచ్చేస్తుంది. అది లోపల తెగితే బ్యాక్టీరియా, ఈస్ట్ రెండూ డిష్‌లోకి దిగుతాయి. పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్, ఆంఫోటెరిసిన్ మూడూ మీడియాలో ఉన్నా, పేగు తెగిన డిష్ మర్నాటికి మబ్బుగా మారుతుంది. యాంటీబయాటిక్స్ మీద నమ్మకం పెట్టుకునే కన్నా పేగు మీద శ్రద్ధ పెట్టడం మేలని నా అభిప్రాయం.

ఇంకొకటి, నలుపు. పురుగుల రక్తానికి గాలి తగిలి, గాయం తగిలి, ఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ పనిలోకి దిగితే మెలనిన్ తయారవుతుంది. ఈగకు అది రక్షణ, గాయం మూసుకునేది దానితోనే. డిష్‌లో అదే మెలనిన్ కణాలకు విషం. లేత పసుపు మీడియా కళ్లముందే టీ డికాషన్ రంగుకు తిరిగిపోతుంది. ఫినైల్ థయోయూరియా కొద్దిగా కలిపితే ఆగుతుంది. కడగడం వేగంగా చేయడం దానికన్నా ముఖ్యం. కణజాలాన్ని తరిగి, పిప్పెట్‌తో పైకీ కిందికీ లాగి, జాలీలో వడగట్టి, రెండుసార్లు మీడియా మార్చి, ప్లేట్‌లో వేసి 32 డిగ్రీల దగ్గర పెడతాం. పట్టులో పిల్లలుండే భాగాన్ని ఈగలు 34, 35 డిగ్రీల దగ్గర కాపాడతాయి. మేము కాస్త తక్కువలో ఉంచుతున్నాం, మీడియా ఆవిరయ్యే వేగం తగ్గుతుందని.

మొదటి రోజు చూస్తే ఏమీ అర్థం కాదు. గుండ్రటి కణాలు, కొవ్వు బిందువులు, చెత్త. రెండో రోజుకు కొన్ని అడుగున అతుక్కుంటాయి. వాటిలో కొన్ని రెండువైపులా సన్నటి తోకలు సాచి పొడవవుతాయి. మరికొన్ని గుండ్రంగానే ఉండి, అంచుల్లో చిన్న చిన్న పొడుచుకొచ్చిన వేళ్లతో కదులుతాయి. అవి రక్తకణాలు. మా జూనియర్ వాటినే చూస్తూ కూర్చుంది, టైమ్ అయిపోయిందని చెప్పినా లేవలేదు. ఇలా తీసిన కణాలు విభజన చెందవు. వారం, పది రోజులు బాగుంటాయి. మాకు కావలసిన ప్రయోగానికి ఆ మాత్రం చాలు.

మొదటి పీసీఆర్

వైరస్ ఎక్కించడానికి ముందే, ఏమీ ఎక్కించని కణాల నుంచి ఆర్ఎన్ఏ తీసి చూశాం. తేనెటీగ లైన్‌లో డీడబ్ల్యూవీ ఉంది. అది ఊహించిందే. ప్యూపాల నుంచి తీసిన కల్చర్లలో కొన్నిట్లో డీడబ్ల్యూవీ, కొన్నిట్లో బ్లాక్ క్వీన్ సెల్ వైరస్, కొన్నిట్లో రెండూ. ఏ పెట్టె నుంచి ఫ్రేమ్ తెచ్చామన్నదాన్ని బట్టి మారుతోంది. ఒకే ఫ్రేమ్‌లో పక్కపక్క గదుల్లోని ప్యూపాల మధ్య కూడా తేడా ఉంది.

గ్రూప్ మీటింగ్‌లో ఒకరు "అయితే ఈ కణాలు పనికిరావు కదా" అన్నారు. నేను ఒప్పుకోలేదు. పురుగుల కణాల లైన్లలో శుభ్రమైనవి ఏవో ముందు చెప్పండి అన్నాను. ప్రోటీన్లు తయారుచేయడానికి ప్రపంచమంతా వాడే హై ఫైవ్ కణాల్లో ఒక నోడావైరస్ దాగి ఉందని 2007లో బయటపడింది. వ్యాక్సిన్ల తయారీలో వాడే ఎస్ఎఫ్-9 కణాల్లో ఒక రాబ్డోవైరస్ ఉందని 2014లో తేలింది. దశాబ్దాలుగా వేలమంది ఆ కణాలను పెంచుతున్నారు, చూస్తున్నారు, వాటికేం జబ్బు చేయలేదు. పురుగు కణానికి వైరస్‌తో కలిసి బతకడం అలవాటు. డైసర్-2 అనే ఎంజైమ్ వైరస్ జంట పోగు ఆర్ఎన్ఏను ముక్కలు చేస్తుంది, ఆ ముక్కలను పట్టుకుని ఆర్గోనాట్-2 వైరస్ ఆర్ఎన్ఏను వెతికి కోస్తుంది. వైరస్ పూర్తిగా పోదు, హద్దు దాటదు. తేనెటీగలోనూ చాలాకాలం జరిగేది ఇదే. అలాంటప్పుడు ఏ వైరసూ లేని కణం దొరికినా, అది ఈగ సంగతి ఎంతవరకు చెబుతుంది?

మేడమ్ విని ఒకటే అన్నారు. "ఉంటే ఉండనీ. ఎంత ఉందో, పెరుగుతోందో లేదో, ఎవరిదో చెప్పగలిగితేనే ముందుకు వెళ్లు." ఆ మాటతో ప్రాజెక్టు షెడ్యూల్ మారిపోయింది. వైరస్ ఎక్కించే పని వెనక్కి పోయి, లోపల ఉన్నదాన్ని కొలిచే పని ముందుకు వచ్చింది.

పెరుగుతోందా, ఊరికే పడి ఉందా

పీసీఆర్‌లో వైరస్ ఆర్ఎన్ఏ కనిపించినంత మాత్రాన అది కణంలో పెరుగుతోందని కాదు. ప్యూపా నుంచి వచ్చిన రేణువులు డిష్ అడుగున అంటుకుని ఉన్నా అదే సిగ్నల్ వస్తుంది. తేడా చెప్పేది మైనస్ స్ట్రాండ్. ప్లస్ స్ట్రాండ్ వైరస్ కాపీలు తీసుకోవాలంటే మధ్యలో తప్పకుండా తన ప్రతిబింబం తయారుచేయాలి. రేణువుల్లో అది ఉండదు. కనిపించిందంటే లోపల పని నడుస్తున్నట్టే.

చెప్పడం తేలిక. ఈ పరీక్షను నమ్మేలా చేయడానికే మాకు చాలా సమయం పట్టింది. ప్లస్ స్ట్రాండ్ ఆర్ఎన్ఏ తన మీద తానే మడతపడి, ప్రైమర్ (కాపీ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్ఏ ముక్క) లేకుండానే, ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్చే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ ఎంజైమ్‌కు మొదలు చూపించగలదు. అప్పుడు మైనస్ స్ట్రాండ్ లేకపోయినా ఉన్నట్టు సిగ్నల్ వస్తుంది. దీనికి విరుగుడుగా, మైనస్ స్ట్రాండ్‌కు అతుక్కునే ప్రైమర్ తల దగ్గర ఈగలోనూ వైరస్‌లోనూ ఎక్కడా లేని ఒక కొత్త వరుస తగిలిస్తాం. తర్వాతి పీసీఆర్‌లో ఆ కొత్త వరుసనే ఒక ప్రైమర్‌గా వాడతాం. మధ్యలో మిగిలిపోయిన ప్రైమర్‌ను ఎక్సోన్యూక్లియేజ్-1తో తినిపించేస్తాం. ప్రైమర్ వేయని గొట్టం ఒకటి ఎప్పుడూ పక్కన ఉంటుంది. అది ఖాళీగా రాకపోతే ఆ ప్లేట్ మొత్తం చెత్తబుట్టలోకే.

ఫలితం: లైన్‌లో డీడబ్ల్యూవీ మైనస్ స్ట్రాండ్ స్పష్టంగా ఉంది. ప్యూపా కల్చర్లలో కొన్నిట్లో మాత్రమే ఉంది. మిగతా వాటిలో ప్లస్ స్ట్రాండ్ ఉన్నా రోజులు గడిచేకొద్దీ, మీడియా మార్చేకొద్దీ తగ్గిపోతోంది. అంటే అవి వెంట వచ్చిన రేణువులు, కాపురం ఉన్నవి కావు. ఈ తేడా తెలిశాక నాకు చాలా టెన్షన్ తగ్గింది. ఇప్పుడు ప్రతి ప్యూపా బ్యాచ్ నుంచి కొంత భాగాన్ని ముందే పరీక్షకు పంపి, ఏ కల్చర్ ఏ గుంపులోకి వస్తుందో తేల్చుకున్నాకే ప్రయోగంలోకి దించుతున్నాం.

ఎక్కించే వైరస్ ఎవరిదో తెలియాలి

కణాల్లోనే కాదు, ఎక్కించే ద్రావణంలోనూ ఇదే గొడవ. మామూలు పద్ధతిలో వైరస్‌ను ప్యూపాల్లో పెంచుతాం. నూరి, పిప్పి తీసి, 0.2 మైక్రాన్ ఫిల్టర్‌లో వడగట్టి, సుక్రోజ్ మీదుగా అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో దించుతాం. ఫిల్టర్ బ్యాక్టీరియాను ఆపుతుంది, 30 నానోమీటర్ల వైరస్‌లన్నిటినీ పోనిస్తుంది. సుక్రోజ్ కూడా వాటి మధ్య తేడా చూపదు. ఐఏపీవీ స్టాక్ అని లేబుల్ రాసిన గొట్టంలో ప్యూపాలో ముందే ఉన్న డీడబ్ల్యూవీ కూడా దిగుతుంది. సీక్వెన్సింగ్‌కు పంపి చూస్తే మా స్టాక్‌లోనూ అదే కనిపించింది. ఎక్కువ భాగం ఐఏపీవీనే, అడుగున కాస్త డీడబ్ల్యూవీ. పోటీ గురించి అడిగే ప్రయోగానికి ఆ కాస్త కూడా ఎక్కువే.

డీడబ్ల్యూవీకి దారి దొరికింది ఇన్‌ఫెక్షియస్ క్లోన్ దగ్గర. వైరస్ జీనోమ్ మొత్తాన్ని డీఎన్ఏగా మార్చి ప్లాస్మిడ్ అనే గుండ్రటి డీఎన్ఏలో పెట్టి, ముందు టీ-7 ప్రమోటర్ (ఆర్ఎన్ఏ తయారీని మొదలుపెట్టించే వరుస) ఉంచితే, గొట్టంలోనే వైరస్ ఆర్ఎన్ఏ తయారుచేసుకోవచ్చు. ప్లస్ స్ట్రాండ్ కాబట్టి ఆ ఆర్ఎన్ఏను కణంలోకి పంపితే చాలు, వైరస్ మొదలవుతుంది. డీడబ్ల్యూవీకి ఇలాంటి క్లోన్లు 2016 నుంచి వస్తున్నాయి. మా క్లోన్‌లో ప్రోటీన్ మారకుండా జీనోమ్‌లో కొన్ని అక్షరాలు మార్చి, మామూలు డీడబ్ల్యూవీలో లేని ఒక రెస్ట్రిక్షన్ సైట్, అంటే ఒక ఎంజైమ్ గుర్తుపట్టి కోసే చోటు, పెట్టాం. పందెం కోడికి కట్టిన గుర్తుదారం లాంటిది అది. కోడి బలం మారదు, ఎవరిదో తెలుస్తుంది. కణంలో కాపురం ఉన్న డీడబ్ల్యూవీకి ఆ సైట్ లేదు. పీసీఆర్ ముక్కను ఎంజైమ్‌తో కోస్తే రెండుగా విడిపోయింది మనది, విడిపోనిది దానిది.

క్లోన్ ఆర్ఎన్ఏను కణాల్లోకి పంపాక ఆ కోతకు లొంగే డీడబ్ల్యూవీ కనిపించింది, మైనస్ స్ట్రాండ్‌తో సహా. జెల్ మీద రెండు బ్యాండ్లు విడివిడిగా నిలబడిన ఫొటో మా ల్యాబ్ గోడ మీద అతికించాం. అది అలంకారం కోసం కాదు, కొత్తగా వచ్చే ప్రతి ఒక్కరికీ దాని ముందు నిలబెట్టే ఈ ప్రాజెక్టు చెబుతున్నాను.

ఐఏపీవీ ఎక్కించాక

లైన్ కణాల మీద ఐఏపీవీ వేసి, 0, 12, 24, 48, 72 గంటలకు చూసేలా పెట్టాం. ప్రతిదానికీ మూడు తోడు: ఏమీ వేయనివి, అల్ట్రావయొలెట్ కింద పెట్టి చంపిన వైరస్ వేసినవి, వైరస్ వేసి వెంటనే కడిగి ఆర్ఎన్ఏ తీసినవి. మూడోది చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే అతుక్కున్న వైరస్‌నూ పెరిగిన వైరస్‌నూ వేరు చేయలేం.

12 గంటలకు మైక్రోస్కోప్‌లో తేడా లేదు. 24 గంటలకు పొడవాటి కణాలు తోకలు లోపలికి లాక్కుని గుండ్రబడడం మొదలుపెట్టాయి. చుట్టుపక్కల కణాలతో అతుకు వదిలేసి, వాటి మధ్య ఖాళీలు ఏర్పడ్డాయి. లోపలి గింజల్లాంటి పదార్థం ముదురుగా కనిపించింది. 48 గంటలకు చాలావరకు అడుగు వదిలి తేలుతున్నాయి. ప్లేట్‌లోని పక్క వెల్‌లో (గుంటలో) ఏమీ వేయని కణాలు, తమలో డీడబ్ల్యూవీ ఉంచుకునే, చెక్కుచెదరకుండా పరుచుకుని ఉన్నాయి. చంపిన వైరస్ వేసినవీ అలాగే. ఒకే కణం ఒక వైరస్‌తో నెలలు కాపురం చేస్తోంది, ఇంకో వైరస్‌కు రెండు రోజుల్లో కూలిపోతోంది. పేపర్‌లో చదివినదే. సొంత కళ్లతో పక్కపక్క వెల్స్‌లో చూసినప్పుడు మాత్రం, ఈ పని ఎందుకు చేస్తున్నానో మళ్లీ ఎవరూ చెప్పనక్కర్లేదనిపించింది.

లెక్కల దగ్గర ఒక జాగ్రత్త రాసి పెట్టాలి. పీసీఆర్‌లో ఫలితాన్ని మామూలుగా యాక్టిన్ లాంటి కణం సొంత జీన్‌తో పోల్చి చెబుతాం. కణాలు చచ్చిపోతున్నప్పుడు ఆ యాక్టిన్ కూడా పడిపోతుంది. అప్పుడు వైరస్ పెరగకపోయినా పెరిగినట్టు లెక్క వస్తుంది. కణంలో కాపురం ఉన్న డీడబ్ల్యూవీ విషయంలో ఇది బాగా తెలిసింది. యాక్టిన్‌తో పోల్చితే ఐఏపీవీ వచ్చాక డీడబ్ల్యూవీ పెరిగినట్టుంది. తెలిసిన కాపీలతో గీసిన గీతను బట్టి వెల్ మొత్తంలో ఎన్ని కాపీలున్నాయో లెక్కిస్తే పెద్దగా కదల్లేదు. పీసీఆర్‌లో ఒక్కో సైకిల్‌కు కాపీలు రెట్టింపవుతాయి, మూడు సైకిళ్ల పైచిలుకు తేడా అంటే పదిరెట్లు, కాబట్టి ఇలాంటి చోట చిన్న పొరపాటు పెద్ద కథగా మారుతుంది. ఇకనుంచి చనిపోయే కణాలున్న ప్రతి ప్రయోగంలో వెల్‌కు ఎన్ని కాపీలు అనే లెక్కే చెబుతాం. బయట పోసే ముందు మీడియాలోని కాపీలు కూడా విడిగా కొలుస్తున్నాం.

పెంపకందారు అడిగిన ప్రశ్న

మాకు ఫ్రేమ్‌లు ఇచ్చే పెద్దాయన ల్యాబ్‌కు వచ్చారు. ప్లేట్ చూపించాను. ఓపిగ్గా చూసి, "ఇదంతా బాగుందమ్మా. ఈ గిన్నెలో చచ్చిన కణం నా పెట్టెకు ఏం చెబుతుంది?" అన్నారు.

"నేరుగా ఏమీ చెప్పదు బాబాయ్" అన్నాను. డిష్‌లో పేగు లేదు, కొవ్వు కణజాలం లేదు, తిండి పెట్టే దాది ఈగ లేదు. ఇక్కడ పనిచేసిన మందు పట్టులో పనిచేస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ ఈగలనూ ప్యూపాలనూ పట్టి పీడించే వరోవా పురుగు చేసే పనికీ డిష్‌కూ ఒక దగ్గరితనం ఉంది. నోటి ద్వారా వెళ్లిన వైరస్ పేగు గోడ దాటాలి, చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. వరోవా ప్యూపా చర్మానికి కన్నం పెట్టి వైరస్‌ను నేరుగా లోపలి కణాలకు అందిస్తుంది. మేము ప్లేట్‌లో పోసేదీ అలాగే కణాలకు నేరుగా తగులుతుంది. వరోవా రాకముందు హవాయి దీవుల్లో డీడబ్ల్యూవీ దాదాపు 10 శాతం పట్టుల్లోనే ఉండేదని, పురుగు వచ్చాక 100 శాతానికి చేరిందని, అనేక రకాలుగా ఉన్న వైరస్ దాదాపు ఒకే రకానికి కుదించుకుపోయిందని 2012లో చూపించారు. ఎన్నో రకాల్లోంచి ఒకటే ఎలా పైకి వచ్చింది? కణం లోపల జరిగే పోటీ తెలియకుండా ఆ ప్రశ్నకు సగం జవాబే వస్తుంది.

ఆయన తల ఊపి, "ముందు పురుగును చంపే మందు సంగతి చూడండి" అన్నారు. న్యాయమైన మాట. వరోవాను అదుపులో పెట్టడమే పెట్టెకు ఈరోజు అందే అసలు సాయం, అది ఆయనకు నాకన్నా బాగా తెలుసు.

ఇప్పుడు ఎక్కడున్నాం

గడ్డకట్టేటప్పుడు కణాలు చెడకుండా పది శాతం డీఎంఎస్ఓ కలిపి ద్రవ నైట్రోజన్‌లో దాచాం. ప్రతి సీసా మీద పాసేజ్ నంబర్‌తోపాటు (కణాలను ఎన్నోసారి పంచామో చెప్పే అంకె) ఆ పాసేజ్‌లో డీడబ్ల్యూవీ ఎంత ఉందో కూడా రాస్తున్నాం. పాసేజ్ మారేకొద్దీ లోపలి వైరస్ మొత్తం మారుతోందా అనేది దానివల్లే తెలుస్తుంది. కణాలు నిజంగా తేనెటీగవేనని, జాతిని బట్టి మారే సీఓ-1 జీన్ చదివి సరిచూసుకున్నాం. పక్క ఇంక్యుబేటర్‌లో ఎస్ఎఫ్-9 ఉన్నప్పుడు ఇది తప్పనిసరి. వేగంగా పెరిగే కణం ఒక్కటి దాటివచ్చినా నెమ్మదిగా పెరిగేదాన్ని మింగేస్తుంది.

తర్వాతి ప్లేట్ ప్యూపా కణాలతో. డీడబ్ల్యూవీ మైనస్ స్ట్రాండ్ లేని బ్యాచ్‌లను మాత్రమే తీసుకుంటాం. ఒక వరుసలో గుర్తు పెట్టిన డీడబ్ల్యూవీ ముందు, ఒక రోజు తర్వాత ఐఏపీవీ. రెండో వరుసలో రెండూ ఒకేసారి. మూడో వరుసలో ఐఏపీవీ ఒక్కటే. నాలుగో వరుసలో ఏమీ వేయం. ఐఏపీవీ స్టాక్‌లో అడుగున ఉన్న డీడబ్ల్యూవీకి మన గుర్తు లేదు కాబట్టి అది వచ్చినా తెలిసిపోతుంది. మూడు వరుసల్లోనూ కణాలు ఒకే వేగంతో కూలిపోతే, డీడబ్ల్యూవీ ముందే ఉండడం ఐఏపీవీకి అడ్డు కాదన్నమాట లైన్‌లోనే కాదు, ఈగ నుంచి అప్పుడే తీసిన కణాల్లోనూ నిలబడుతుంది. మొదటి వరుస ఆలస్యంగా కూలితే డైసర్-2ను తగ్గించి మళ్లీ చూడాలి. దానికి కావలసిన జంట పోగు ఆర్ఎన్ఏతోనూ ఒక చిక్కుంది. తేనెటీగల్లో ఏ వరుసకూ సంబంధం లేని జంట పోగు ఆర్ఎన్ఏ ఇచ్చినా వైరస్ తగ్గుతుందని 2013లోనే చూపించారు. అందుకని ఈగతో ఏ సంబంధం లేని జీఎఫ్‌పీ (జెల్లీఫిష్ నుంచి వచ్చిన, ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్) వరుసతో ఐదో వరుస కూడా పెట్టాలని, దానికి ప్యూపాలు సరిపోవాలంటే ఇంకో ఫ్రేమ్ కావాలని ఈరోజే పెద్దాయనకు ఫోన్ చేసి చెప్పాను.